పాలు పితికే వేళ కుదిరిన సంబంధం

ఆ దంపతులు కలిసి వెళ్ళిన చివరి శుభకార్యం వాళ్ళ పెళ్ళే. అందులోనూ పెళ్ళికొడుకు మధ్యలో లేచి, ఈనబోతున్న ఆవును చూసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

నాలుగు ఆవులు, ఇద్దరు మనుషులు. పొద్దున పాలు, ఆపైన పేడ, గడ్డికోత, కుడితి, సాయంత్రం మళ్ళీ పాలు. ఈ మధ్యలో ఏదో ఒకటి తాడు తెంపుకోకపోతే వాళ్ళకు రోజు గడిచినట్టే ఉండదు. అందుకే చుట్టాలింట్లో ఏ వేడుక జరిగినా భర్త పొద్దున్నే వెళ్ళి మొదటి బంతిలో తిని, పాలవేళకు తిరిగొచ్చేవాడు. అప్పుడు భార్య బయల్దేరేది. ఇద్దరూ వీధి మలుపులో ఎదురుపడేవారు.

"కూరలో ఉప్పు లేదు. స్వీటు రెండోసారి అడుగు, పెడతారు," అని చెప్పి ఆయన ఇంటికి పరిగెత్తేవాడు. వాళ్ళు బయట కలుసుకునే చోటు అదొక్కటే.

దూరాన ల్యాబులో పనిచేసే కూతురికి ఇది చూసి చూసి విసుగెత్తింది. "అమ్మా, నువ్వూ నాన్నా ఒక్క సాయంత్రం ఎక్కడైనా కలిసి కూర్చుని చూపించండి. లేదంటే ఈసారి ఆవుల బేరగాణ్ణి వెంటబెట్టుకొస్తా," అంది ఫోన్లో. తల్లి పౌరుషానికి పోయి సరేనంది. అన్నాక నీరుగారిపోయింది. ఆవులు లేని ఇల్లు ఆమె ఊహకే అందదు. అలాగని వాటిని వదిలి ఇద్దరూ ఒకేసారి గడప దాటేదెలా?

ఆ వారమే చుట్టాలింట్లో విందుకు వెళ్తే, పెళ్ళిళ్ళ పిన్ని పట్టుకుంది. ఒంటరిగా కనబడ్డ మనిషికి జోడీ కుదర్చందే ఆ పిన్నికి అన్నం సయించదు.

"ఇంకెన్నాళ్ళు తల్లీ ఇలా ఒంటిగా తిరుగుతావు?"

"ఆయన ఆవుల దగ్గరున్నారు పిన్నీ."

"ఊరుకోవే! ఉన్న మొగుడు ఒక్కసారైనా కనబడడా? పోయాడో, పారిపోయాడో, నాకెందుకులే. నీకు తగ్గవాడొకడున్నాడు. పొద్దుటి పూట ఒక్కడే వస్తాడు. పెళ్ళామేదయ్యా అంటే వాడూ 'ఆవుల దగ్గరుంది' అంటాడు. అబద్ధాలు కూడా కలిశాయి మీ ఇద్దరికీ!"

ఆమె నములుతున్నది ఆపేసింది. "ఎలా ఉంటాడు పిన్నీ?"

"చెవులు కాస్త పెద్దవి. జోకు చెప్పకముందే తనే నవ్వేస్తాడు. స్వీటు మూడుసార్లు అడుగుతాడు."

"మూడుసార్లా? నాతో రెండే అన్నాడే!" అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. కూతురికిచ్చిన మాట గుర్తొచ్చింది.

"చూస్తాను పిన్నీ. కానీ సాయంత్రమే కుదురుతుంది. ఆ పూట మా ఆవుల పాలు పితికే మనిషిని మీరే చూసిపెట్టాలి."

"మనిషెందుకే, నేను లేనూ? పుట్టింట్లో పాలు పితికే పెరిగాను. మీరిద్దరూ మా ఇంట్లో కూర్చోండి, నేను మీ కొట్టంలో ఉంటా."

ఇంటికొచ్చి సంగతి చెబితే ఆయన మీసం సవరించుకున్నాడు. "ఈ వయసులో నాకు సంబంధమా! ఎవరమ్మాయి?"

"నేనే."

"ఓ," అన్నాడు. ఆ 'ఓ' ఆమెకు నచ్చలేదు. రెండు పూటలు కుడితి బకెట్టు ఆయన కాళ్ళ దగ్గర దబ్బున పెట్టింది.

అనుకున్న రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిన్ని ఇటు రాకముందే వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. పిన్ని చీర ఎగదోపుకుని కొట్టంలోకి దిగింది.

"నల్లది కొత్త చెయ్యి తగిలితే పాలు బిగబడుతుంది పిన్నీ. పుల్లది, అదే ఆ గోధుమరంగుది, తంతుంది. చిన్నది తోకతో మొహం మీద కొడుతుంది."

"నాలుగోది?"

"అది మంచిదే. అందుకే మిగతావి దాన్ని బతకనివ్వవు."

"నువ్వు పోవే! ఆలస్యమైతే అతను లేచిపోయే రకం!"

పిన్ని ఇంటి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. కూర్చోగానే ఆమె ఇద్దరికీ కలిపి ఫోటో తీసి కూతురికి పంపింది. వెంటనే జవాబొచ్చింది: "ఇద్దరూ ఒకే ఫోటోలోనా? ఎవరు పోయారు?" సంగతి తెలిశాక ఇంకోటి: "చీకటి పడేదాకా లేవకపోతేనే లెక్క."

చీకటి పడేదాకా! ఆవులు లేకుండా ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఎండ బాగుంది. గడ్డి ఆరుతుంది," అన్నాడాయన.

"ఆవుల మాట వద్దనుకున్నాం కదా."

"గడ్డి ఆవు కాదుగా."

కాసేపయ్యాక ఆయన కాళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. "పుల్లది ఈపాటికి తన్నే ఉంటుంది. ఒక్కసారి చూసొస్తానే."

"లేస్తే ఆవులు పోతాయి. కూర్చోండి."

ఆమె కొంగు నలుపుకోవడం చూసి ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ ఆమె వీపు నిమురుతూ "హో... హో..." అన్నాడు.

"నేను ఆవును కాను," అంది. చెయ్యి మాత్రం తీసెయ్యమనలేదు.

అంతలో పిన్ని ఫోన్.

"ఒసేయ్! చేతికి నూనె కోసం లోపలికెళితే మీ గోడమీద పెళ్ళిఫోటో ఉందే! నీ పక్కన నా పెళ్ళికొడుకున్నాడే!"

కొంప మునిగిందనుకుంది ఆమె. "ఆయనే మా ఆయన పిన్నీ. కోప్పడకండి. వెంటనే వచ్చేస్తాం."

పిన్ని అప్పటికే కొట్టంలోకి తిరిగొచ్చినట్టుంది. బకెట్లో పాలధార చప్పుడు జుయ్యి జుయ్యిమంటోంది.

"వస్తే కాళ్ళు విరగ్గొడతా!" అంది పిన్ని గొంతు తగ్గించి. "నల్లది ఇప్పుడిప్పుడే చేపుకొచ్చి పాలు వదులుతోంది. మీ అడుగుల చప్పుడు వింటే మళ్ళీ బిగబడుతుంది. నేను చెప్పేదాకా అక్కడే పడుండండి." కాస్త ఆగి, ఉండబట్టలేక అడిగింది. "ఇంతకీ అబ్బాయి నచ్చాడా?"

ఆమె పక్కకు చూసింది. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది పిన్నీ," అంది. "వచ్చే వారం ఇంకోసారి చూస్తే గానీ చెప్పలేను."