పాట కింద చిన్న మాట

ఇందులోనూ లేదు, కంప్యూటర్ తెర మీద తిరిగే చక్రం ఆగి పాత పాటల పుస్తకం మసకగా తేలింది, ఒకప్పుడు సినిమాహాలు దగ్గర అమ్మిన పల్చటి పుస్తకం, ఎవరో దాచారు, ఎవరో స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీలో పెట్టారు, పేజీ అంచున వాళ్ల బొటనవేలు కూడా పడింది, ఆ వేలు భద్రంగా ఉంది గాని నేను వెతికే పాత గాయని అనసూయమ్మ పేరు లేదు, కళ్లు మండుతున్నాయి, కిటికీ కింద ఫిలింనగర్ రోడ్డు మీద షూటింగ్ జనరేటర్ గుడగుడమంటోంది, శనక్కాయ తవ్వేసిన చేలో మిగిలిన కాయల కోసం మట్టి గెలికినట్టే ఉంది, గోళ్లలోకి మన్ను రాదు, అంతే తేడా, ముసలావిడ నోటిమాట చాలదయ్యా రాములూ, అన్నారు నా పరిశోధన చూసే కాశీవిశ్వనాథం సారు, ఆమె పాడినట్టు ఆ కాలపు అచ్చులో ఒక్క ఆధారం తే, లేదంటే ఆ అధ్యాయం తీసెయ్, సాయంత్రం జూబ్లీహిల్స్‌లో సారు వాళ్లింటికి వెళ్లి ఏం చూపించను, పక్క కుర్చీలో నా స్నేహితుడు నవీన్ ఆవులిస్తూ, ముసలామె జర ఎక్కువ చెప్తుందేమోరా, గిట్ల కండ్లు పోగొట్టుకోకు, అంటున్నాడు, నేను ఇంకో పుస్తకం తెరిచాను.

అనసూయమ్మ ఎక్కువ చెప్పే మనిషి కాదు, మద్రాసులో సినిమా పాటలకి వెనక గుంపులో కోరస్ పాడి, సినిమావాళ్లతో పాటే ఇక్కడికి వచ్చి యూసుఫ్‌గూడలో మెట్ల కింది గదిలో ఉంటోంది, వెళ్లినప్పుడల్లా కత్తిపీట ముందు కూర్చుని, ఏంటి బాబూ, దొరికానా నీ కంప్యూటర్లో, అని నవ్వేది, మొన్న నవ్వలేదు, ఒక్కచోటన్నా నా పేరుంటే మనవరాలికి చూపిద్దునండీ, అంది, నన్ను అండీ అనడం అదే మొదలు, ఆ అండీ ఇంకా చెవిలోనే ఉంది.

ఇక్కడా అంతే, గాయని పేరు పెద్దక్షరాల్లో, పక్కన చిన్నగా బృందం అని, తర్వాతి పేజీకి, ఆగు, బృందం, ఒకే మైకు చుట్టూ నిలబడేవాళ్లం బాబూ, నా గొంతు విడిగా వినపడిందంటే రికార్డింగు టేకు చెడిపోయినట్టే, మర్నాడు పిలుపు రాదు, అందుకే పక్కామె గొంతులో కలిపేసేదాన్ని, అని అనసూయమ్మ చెప్పింది కదా, విడిగా వినపడకుండా ఉండటమే పనిగా బతికిన మనిషిని ఇన్నాళ్లూ విడిగా వెతికాను, ఆమె ఉన్న ఈ చిన్న మాట ప్రతి పుస్తకంలోనూ చూశాను, చూసి దాటేశాను, ఈ మాటనే ఆధారమంటే సారు ఒప్పుకుంటారో లేదో, ఆమె పేరు ఏ పేజీలోనూ లేదు, ఇక దొరకదు, తొలిసారి అచ్చయ్యేది నేను రాసేదాంట్లోనే, ఆ అధ్యాయం తీసెయ్యను.