తిత్తుల మీద సిబిల్లా

చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగానికి పరీక్ష ఇంకా జరగనే లేదు, ఊళ్లో అందరూ ఎరెన్‌ఫ్రీడ్‌ను "మన కొత్త ఆర్గనిస్టు" అనేస్తున్నారు. ఆ మాట చెవిన పడితే సిబిల్లాకు ముద్ద దిగేది కాదు.

నాలుగేళ్లుగా అతను ఇప్పటి ఆర్గనిస్టయిన ఆమె తండ్రి వాలెంటీన్ దగ్గర చర్చి సంగీతం నేర్చుకుంటున్నాడు. అతనికి చెప్పిన ప్రతి పాఠమూ ఆమె తలుపు చాటున వినేది. ఇంట్లో పాత క్లావికార్డ్ అనే చిన్న మీటల వాద్యం మీద వాయించుకునేది. ఒకసారి తండ్రి విని, "మగపిల్లాడివై పుట్టుంటే నా చోట నువ్వే కూర్చునేదానివమ్మా" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు ఆయన.

పరీక్షనాటి ఆదివారం ఆరాధనంతా ఎరెన్‌ఫ్రీడే వాయించాలి. ఆర్గన్‌కు గాలి అందించే తిత్తులు తొక్కే ముసలి మెల్ఖియోర్‌కు మోకాలు వాచింది.

"నువ్వు తొక్కుతావా తల్లీ?"

"తొక్కుతాను నాన్నా."

ఎరెన్‌ఫ్రీడ్ ఆర్గన్ వెనక్కి తొంగిచూశాడు. "సిబిల్లా, కునుకు తీశావంటే గాలి కోసం గంట లాగుతాను!"

"ముందు నీ చేతులు వణక్కుండా చూసుకో."

మూడో కీర్తనలో అతను మధ్య స్వరాల్లో ఒక మెలిక వేశాడు. పోయిన చలికాలం ఆమె సొంతంగా కూర్చి ఇంట్లో వాయించిన మెలిక అది! చెక్కల సందులోంచి చూస్తే ముందు వరుసలో ఊరిపెద్దలు తలలూపుతున్నారు.

ఆమె కాలు ఆగిపోయింది.

తిత్తులు కుంగాయి. ఆర్గన్ జబ్బు చేసిన ఆవులా మూలిగి ఊరుకుంది. గంట మోగింది. మళ్లీ మోగింది. ఆమె కదల్లేదు. ఇప్పుడు జనం తడబడతారు, పాట చెదిరిపోతుంది, అతని ఉద్యోగమూ పోతుంది.

పాట చెదరలేదు. ఎరెన్‌ఫ్రీడ్ గొంతెత్తి పాడుతున్నాడు. జనం ఆ గొంతును పట్టుకుని ఒక చరణం, ఇంకో చరణం పాడేశారు.

తండ్రి పరుగున వచ్చాడు. "ఏమైందే?"

"కాలు జారింది."

ఆయన ఆమె పాదాల వంక చూశాడు. ఆమె మళ్లీ తొక్కసాగింది. ఆర్గన్ పాటను అందుకుంది. వాద్యం లేకుండా రెండు చరణాలు పాడినా శ్రుతి వెంట్రుకవాసి కూడా దిగలేదు. అదెంత కష్టమో ఆ చర్చిలో తండ్రికీ తనకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆరాధన కాగానే పెద్దలు ఆర్గన్ మేడెక్కారు. "గాలి పోయినా పాట పోనివ్వలేదయ్యా! ఇంక వేరేవాళ్లను వినే పనే లేదు."

వాళ్లు దిగిపోయాక ఎరెన్‌ఫ్రీడ్ వెనక్కి వచ్చాడు. తిడతాడని ఆమె గడ్డం పైకెత్తి నిలబడింది.

"కాలికి దెబ్బేమీ తగల్లేదు కదా?" అన్నాడు.

"లేదు."

అతను నిజంగానే కంగారుపడుతున్నాడు. దానికే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మండింది.