పిచ్చుక వాసన

పొద్దున్నే తను ఇస్త్రీ చేసే లాండ్రీ షట్టర్ ఎత్తి, ఆమె పక్కకి జరిగి దారిచ్చేది. రంగు పెన్సిళ్లూ చెమట పట్టిన జుట్టూ కలిసిన వాసనొకటి ఆమెని దాటుకుని లోపలికి దూరేది. అది రెండేళ్ల కిందట జ్వరంతో పోయిన కూతురిది, పిచ్చుక అని పిలుచుకునేది. బస్సులో కండక్టరు దానికోసం పక్క సీటు ఖాళీగా ఉంచేవాడు. "రాత్రి సరిగ్గా పడుకుందా?" అని అడిగేది లాండ్రీ యజమానురాలు.

మొగుడు మాత్రం ఆ వాసనని తట్టుకోలేకపోయాడు. ఇల్లు వదిలి వెళ్లి, ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

ఒకరోజు దుప్పట్లు ఉతుకుడికి ఇవ్వడానికొచ్చిన యోగా మాస్టారు గాలి పీల్చి, "మా పుస్తకాల్లోనూ దీన్ని వాసనే అంటారమ్మా," అన్నాడు.

"వాసనని వాసన అనక ఇంకేమంటారు మాస్టారూ?"

"ముక్కుకి తగిలేది కాదు. బతికిన బతుకంతా మనసుకి అంటుకుని మిగిలే మరక. మనిషి పోయినా అది పోదు. ఇంకో జన్మ వెతుక్కుంటుంది."

"మరకలైతే మేమే వదిలిస్తాం లెండి," అని నవ్వబోయింది. సగంలోనే ఆపి దుప్పట్లు లెక్కపెట్టసాగింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లాండ్రీ ముందు ఆటో ఆగింది. మొగుడు దిగాడు. వెనక సీట్లో అతని కొత్త భార్య, నిండు గర్భిణి.

"నిన్నట్నుంచి లోపల బిడ్డ కదలట్లేదు. పెద్దాసుపత్రికి వెళ్తున్నాం. ఆశ పెట్టుకోవద్దన్నారు." అతను గాలి పీల్చి కళ్లు మూసుకున్నాడు. "ఇక్కడే ఉందా?"

"ఎందుకొచ్చావో తెలుసు. నా పిచ్చుకని ఇవ్వను."

"నేను అడగను. ఆటోలో ఉన్న తనే ఇక్కడ ఆపమంది."

ఆమె వాకిట్లోకి వచ్చింది. ఆటోలో ఉన్నామె వయసులో తనకన్నా బాగా చిన్నది. "అక్కా," అని మాత్రం అంది. రెండు చేతులూ జోడించింది.

ఆమె ఆ పొట్ట వంక చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "వెళ్లమ్మా, నాన్నతో వెళ్లు," అంది. వాసన ఆమె చీర కుచ్చిళ్లనే పట్టుకుని ఉండిపోయింది.

"చెప్తే అర్థం కాదూ? నాకు పనుంది. పో!" బడికి వెళ్లనని మారాం చేసినప్పుడు కసిరినట్టే కసిరింది.

ఆమె పక్కన గాలి తేలికైంది. ఆటోలో గర్భిణి ఉలిక్కిపడి పొట్ట పట్టుకుంది. "కదిలింది! కదిలిందండీ!"

మొగుడు ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి ఊపి పంపేసింది. ఆటో మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడి గాలి పీలుస్తూనే ఉంది.

లోపల ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో చొక్కా మాడి, వీధంతా కమురు కంపు కొట్టింది. ఆమెకి తెలియలేదు. తిట్టడానికని బయటికొచ్చిన యజమానురాలు ఆమె మొహం చూసి, వెనక్కి వెళ్లి తనే పెట్టె ఎత్తింది.