ఎవరి మీటరు, ఎవరి మోటారు

దేశ రాజధానిలోని బేర్ సరాయ్‌లో గోడలు కూడా సెగలు కక్కే రోజులవి. పాపయ్య అద్దెగదికి ఉన్న ఒక్క కిటికీకి కూలరు బిగించి ఉంది కానీ, అది తిరగదు. తిప్పితే బిల్లు భయం. కంటోన్మెంటు మెస్సులో కాంట్రాక్టు వంటవాడిగా చేసి దిగిపోయిన మనిషికి వచ్చే పింఛను ఎంతని? భార్య నాగేశ్వరమ్మ ఆయాసం మందులకే చాలదు. ఆవిడ ఉక్కలో ఎగశ్వాసతో దొర్లుతుంటే అతను విసనకర్ర విసురుతూ కూర్చుంటాడు.

కూలరు ఆగినా గది మీటరు మాత్రం పరుగు ఆపదు. ఇంటాయన సత్‌బీర్ నెలనెలా వచ్చి అంకె చూసుకుని, తన రేటు చొప్పున వసూలు చేసుకుపోతాడు.

ఆ ఆదివారం సరోజినీ నగర్ నుంచి కిరణ్మయి వచ్చింది. ఆఫీసరుగారి భార్య. పింఛను మీద బతికే తెలుగు ముసలివాళ్ళకు కరెంటు బిల్లు తగ్గించుకునే దారులు చెబుతూ తిరుగుతుంది.

"టీవీ ప్లగ్ తీసెయ్యండి అంకుల్. ఏసీ ఇరవై ఆరులో పెట్టండి. పనిలేనప్పుడు మెయిన్ ఆఫ్ చేసెయ్యండి."

"ఏసీ ఏదమ్మా? ఉంటే సూపించు, నానూ సూత్తాను."

నాగేశ్వరమ్మ నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. కిరణ్మయి ముఖం కందిపోయింది. "అందరికీ చెప్పేదే అంకుల్, అలవాటుగా వచ్చేసింది."

"పస్తున్నోడికి ఉపాసం మంచిదని సెప్పినట్టుంది తల్లీ."

అన్నాడే కానీ, ఆడబిడ్డ అంతదూరం వచ్చి చెప్పిన మాట తీసెయ్యలేకపోయాడు. భార్యను గుమ్మం నీడలో కూర్చోబెట్టి మెయిన్ దించేశాడు. ముగ్గురూ చాయ్ తాగుతున్నారు.

కాసేపటికి పైమేడల నుంచి ఒకటే కేకలు. అద్దెకుండే కుర్రాళ్ళు తల నిండా సబ్బు నురగతో మెట్ల మీదికొచ్చారు. "పానీ బంద్ హో గయా!" సత్‌బీర్ బనీను మీదే దిగి వచ్చి, మేడకు నీళ్ళెక్కించే మోటారు స్విచ్చి నొక్కి నొక్కి చూశాడు. తరువాత అతని చూపు తిన్నగా పాపయ్య మెయిన్ మీదికే పోయింది.

"మెయిన్ ఎందుకు దించావు బాబా? ఎత్తు, జల్దీ!"

పాపయ్య లేవలేదు. మనిషి నిదానం, మాటా నిదానమే. "నా మెయిన్ దించితే నీ మోటారెందుకు ఆగిందయ్యా?" అని హిందీలో అడిగాడు.

"పాత ఇల్లు, పాత వైరింగు. నచ్చకపోతే ఖాళీ చెయ్."

ఆ మాటతో పాపయ్యకు హిందీ చాలలేదు. "మోటారు నా మీటరుకి తగిలించి, మేడందరికీ నా పింఛనుతో తానాలు సేయించినావేట్రా? నా ఆడది ఊపిరాడక కొట్టుకుంటంటే, బిల్లొస్తాదని కూలరు కట్టీసినాను. నా సేత్తోనే కట్టీసినాను కదరా!"

కిరణ్మయి లేచి, ఒక్క ముక్క వదలకుండా దాన్ని హిందీలో చెప్పింది, గొంతు ఇంకా పెంచి.

నురగ తల కుర్రాడొకడు అడిగాడు. "మోటారు ఖర్చని మా దగ్గరా తీసుకుంటున్నావు కదా భయ్యా?"

సత్‌బీర్ మెయిన్ ఎత్తడానికి చెయ్యి చాచాడు. పాపయ్య కుర్చీ లాక్కుని మెయిన్‌కు వీపు ఆనించి కూర్చున్నాడు. "నా మీటరు నుంచి తీగ ఇప్పించు. అప్పుడు లెగుస్తాను."

నీళ్ళు లేని మేడ మొత్తం అరుస్తుంటే సత్‌బీర్ ఎంతసేపని ఆగుతాడు? ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు తీగ విప్పి, పైన సత్‌బీర్ సొంత మీటరుకు కలిపాడు.

"అయిపోయింది కదా, పాతవి వదిలెయ్" అన్నాడు సత్‌బీర్.

"వదల్ను. నా కాడ గుంజిన లెక్క తేలేదాకా కరెంటు డబ్బని నా గుమ్మం తొక్కకు."

పాపయ్య మెయిన్ ఎత్తి, భార్యను లోపలికి తీసుకొచ్చి కూలరు వేశాడు. గాలి తగలగానే నాగేశ్వరమ్మ చెయ్యి అలవాటుగా స్విచ్చి మీదికి పోయింది.

"తియ్యెహె, సెయ్యి!" అని గది అదిరేలా అరిచాడు పాపయ్య.

ఆ కోపం ఎవరి మీదో ఆమెకు తెలుసు. చెయ్యి తీసి, గాలికి ఎదురుగా పడుకుంది.