ముందు ఒక్క ఉండ

ఒటీలియా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండగానే వీధి తలుపు దబదబా మోగింది. పనిమనిషి గెసీనా వెళ్లి తీసింది. గుమ్మంలో బుగ్గలు కందిపోయిన ఓ కొత్త పెళ్లికూతురు, చంకలో మూతపెట్టిన గిన్నె.

"వంటపుస్తకాలు రాసే ఆవిడ ఇల్లు ఇదేనా?"

"ఇదే. పొగడ్డానికొచ్చావా, తిట్టడానికా? తిట్టడానికైతే కాళ్లు తుడుచుకుని రా."

ఆ పిల్ల పేరు హెడ్విగ్. పక్క ఊరి నుంచి పాలబండెక్కి వచ్చింది. లోపలికొచ్చి గిన్నె బల్లమీద పెట్టి మూత తీసింది. బంగాళాదుంప ఉండలు కరిగిపోయి గంజిలా ఉన్నాయి.

"అంతా మీ పుస్తకంలో ఉన్నట్టే చేశానండీ. మా అత్తగారు చుట్టాలందరి ముందూ 'గంజి బాగుందమ్మా, మరి ఉండలేవీ?' అన్నారు."

ఒటీలియా పొట్టి, గుండ్రటి మనిషి. నవ్వితే ఒళ్లంతా ఊగింది. కళ్లజోడు సర్దుకుని తన పుస్తకంలో ఆ పేజీ తీసింది. 'సరిపడా పిండి కలపాలి' అని ఉంది.

"సరిపడా అంటే ఎంతండీ?"

ఒటీలియా పిండి అంటిన తన చేతులకేసి చూసుకుంది. పిండిమర నడిపేవాళ్ల ఇంట్లో పుట్టింది. అక్కగారింట్లో, ఆ తర్వాత దొరల ఇళ్లలో, ఆడపిల్లల బడిలో, అన్నీ పరాయి వంటిళ్లలోనే బతుకు గడిచింది. సరిపడా ఎంతో ఆమె చేతులకు తెలుసు. జర్మనీలో, ఈ వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో, కాపురానికెళ్లే ప్రతి పిల్ల పెట్టెలోనూ ఆమె పుస్తకం ఉంటుంది. అయినా ఇలా ఇంటికొచ్చి అడిగిన పిల్ల ఇదే మొదలు.

"తప్పు నాదే. చేతులు కడుక్కునిరా అమ్మాయ్. కొన్ని దుంపల్లో నీరెక్కువ. అందుకని ముందు మరిగే నీళ్లలో ఒక్క ఉండ వేసి చూడు. విచ్చిపోతే ఇంకాస్త పిండి కలుపు."

మొదటిది విచ్చిపోయింది. మళ్లీ పిండి కలిపి వేసిన ఉండ గుండ్రంగా పైకి తేలింది. హెడ్విగ్ చప్పట్లు కొట్టింది.

తింటూ, "మీవారు అదృష్టవంతులండీ," అంది.

"నాకు మొగుడెక్కడే! ఒకాయన మాటిచ్చి, నీళ్లు కాచడం కూడా రాని పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్లికి నా పుస్తకమే పంపాను."

"రెండు పంపారు. ఒకటి ఆయనక్కూడా," అంది గెసీనా.

కొత్త ముద్రణకు వెళ్లే కాగితాల మీద ఒటీలియా ఆ 'ఒక్క ఉండ' మాట చేర్చింది.

"నీ పేరూ వేయించనా?"

"బాబోయ్, వద్దండీ! మా అత్తగారు చదువుతారు!"

పిల్ల వెళ్లిపోయాక ఒటీలియా పొయ్యి పక్క కుర్చీలో కునుకు తీసింది. కాఫీకి లేపబోయిన గెసీనా, ఆమె చెయ్యి పట్టుకుని చూసి, మరుగుతున్న కెటిల్‌ను పక్కకు దించి, కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. ఒటీలియా ముఖంలో ఇంకా నవ్వు ఉంది.

ఆదివారం హెడ్విగ్ పరుగున వచ్చింది. "మా అత్తగారు ఉప్పు తక్కువైందంటూనే మూడుసార్లు వడ్డించుకున్నారు!" అని అరిచాక గాని గెసీనా సంతాపానికి కట్టుకున్న నల్ల బట్టలు చూడలేదు. ఇద్దరూ ఏడ్చారు. ఆ అత్తగారి మాట తలుచుకుని, ఏడుస్తూనే నవ్వారు.

వెళ్లేటప్పుడు గెసీనా ఆమె చేతిలో ఒక చెక్క గరిటె పెట్టింది. ఒటీలియా ఎడమచేత్తో కలిపీ కలిపీ అది ఒకవైపే అరిగిపోయింది. హెడ్విగ్ కుడిచేత్తో తిప్పితే గిన్నె అడుగున ఎప్పుడూ కాస్త వంకరగానే ఆనేది.