డాక్టర్ మారెన్‌కు సంకెళ్లు

విలాద్స్ నా భార్య పేరు తీసుకున్నాడు. అందులో వాదనకు చోటు లేదు.

ఇంట్లో పేరు కాదు, ఆటలో పేరు. మా బిర్తె పదకొండేళ్లపాటు ఆ ఆటలో డాక్టర్ మారెన్. కంప్యూటర్‌లో ఒక అంతరిక్ష కేంద్రం. అరవైమంది తలో పని ఎంచుకుంటారు. వంట, వైద్యం, మరమ్మతు. రెండు గంటలకు అంతా ముగిసి, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. నాది కాపలా పని. లాఠీ, సంకెళ్లు, పట్టుకున్నవాళ్లను పెట్టే ఆరు కొట్లు.

కాపలావాడికి ఉన్నన్ని నియమాలు అక్కడ ఎవరికీ లేవు. నేరం చెప్పకుండా సంకెళ్లు వేయకూడదు. పది నిమిషాలకు మించి కొట్లో ఉంచకూడదు. బయట తెలిసిన సంగతి లోపల వాడకూడదు. బలం మా చేతిలో ఉంటుంది. మేం గాడి తప్పితే మిగతా అందరి సాయంత్రం పాడవుతుంది. ఏడేళ్లలో నేను ఒక్కటీ తప్పలేదు. తప్పిన తోటివాళ్లను నేనే పట్టించాను. బతిమాలినా వినలేదు.

బిర్తె ఫిబ్రవరిలో పోయింది. మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం కాఫీ పోసుకుని ఆటలోకి వెళ్లాను. వైద్యశాల తలుపు దగ్గర తెల్లకోటు మనిషి. తలమీద పేరు, డాక్టర్ మారెన్.

"పేరు మార్చుకో" అని టైపు చేశాను.

"మా అమ్మ పెట్టిన పేరండీ, కాపలాదారుగారూ. ఏదీ, నాలుక చాపండి, జ్వరమేమో చూస్తాను."

సంకెళ్లు వేసి కొట్లోకి ఈడ్చాను.

"నేరమేంటో?"

"నోర్ముయ్."

"నేరం చెప్పాలి కదయ్యా. నువ్వే నేర్పావు నాకు."

అప్పుడు తెలిసింది అది విలాద్స్ అని. స్ట్రూవర్ ఊళ్లో నీటిగొట్టాలు బిగించేవాడు. కాపలా పని నా దగ్గరే నేర్చుకున్నాడు.

పది నిమిషాలు దాటాయి. తలుపు తీయలేదు. వంటగదిలో ఒకడికి ఒళ్లు కాలింది, వైద్యుడు దొరక్క ఆటలో చచ్చిపోయాడు. అయినా తీయలేదు. నలభయ్యో నిమిషంలో, ఆటను నడిపే గుద్రున్ నన్ను బయటికి నెట్టింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏం నేరం చేశాడని పట్టుకున్నావ్, ఏస్కిల్?"

"చచ్చిపోయినదాని పేరు పెట్టుకున్నాడు."

"మారెన్ ఎక్కడ చచ్చిపోయింది? పోయింది మన బిర్తె. అది బయట సంగతి. ఇదే తప్పుకు నువ్వు ఎంతమందిని పీకించావో గుర్తుందా?"

"గుర్తుంది. పీకెయ్."

"ఆటలో వంట చేసుకో, తోట చూసుకో. కాపలా మాత్రం నీకిక లేదు."

మర్నాడు విలాద్స్ ఇంటికొచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పాడు. నేను లోపలికి రమ్మనలేదు.

"బిర్తే ఇచ్చింది పెద్దాయనా, ఆసుపత్రిలో. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మరీ. మారెన్‌ని ఖాళీగా కూర్చోబెట్టకు అంది."

"నాకెందుకివ్వలేదు?"

"వద్దులే, వదిలెయ్."

"చెప్తావా, పోతావా?"

"నీకిస్తే తాళం వేసి దాస్తావంది. ఒక్క పూట కూడా ఆడనివ్వవంది. నవ్వుతూనే అందిలే."

"ముందే వచ్చి ఏడవొచ్చుగా ఈ మాట?"

"రెండుసార్లు వచ్చాను. లోపల దీపం వెలుగుతోంది, తలుపు మాత్రం నువ్వు తీయలేదు."

అది నిజం. తలుపు వేసేశాను.

ఏప్రిల్లో గుద్రున్ కబురు పంపింది. పోయిన పని తిరిగి కావాలంటే అక్కడొక పద్ధతి ఉంది. చేసిన తప్పు అందరూ చదివేలా రాసుకోవాలి. నష్టపోయినవాడు దాని కింద తన మాట రాస్తాడు. నేను నాలుగు వాక్యాలు రాశాను. నేరం చెప్పకుండా పట్టుకున్నాను, నలభై నిమిషాలు ఉంచాను, బయటి సంగతి వాడాను, నా వల్ల వంటవాడు పోయాడు. నియమం సరైనదే. నన్ను తీసేయడమూ సరైనదే. విలాద్స్‌ను క్షమించమని మాత్రం అడగలేదు.

గంటలోపే వాడు కింద రాశాడు. "నాకేమీ అభ్యంతరం లేదు. ఆయనంత మంచి కాపలావాడు మనకు లేడు."

అది చదివి నా నాలుగు వాక్యాలూ చెరిపేశాను. వాడి దయతో వచ్చే లాఠీ నాకక్కర్లేదు. బిర్తె వాణ్ణి నమ్మింది, నన్ను నమ్మలేదు. దానికి వాడు ఏం రాసినా మందు కాదు.

మారెన్ ఇంకా వైద్యశాలలో తిరుగుతోందట. నేను చూడలేదు. ఊరి హాల్లో కాఫీ దగ్గర మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఇదంతా ఒక్కసారి రాశాను. ఇకమీదట ఎవరడిగినా ఈ సంగతి నా నోట రాదు.