నున్నగా తీర్చిన పిల్లరు

నేను తాపీ మేస్త్రీని. మా కోడలు ఇంజనీరు. మేముండే మూడంతస్తుల ఇల్లు భూకంపం వస్తే నిలబడదని తనే లెక్క కట్టి తేల్చింది. కింద ఆరు పిల్లర్లు. ఒక్కోదాని చుట్టూ మూడు వేళ్ల మందాన కొత్తరకం కాంక్రీటుతో జాకెట్టు పొయ్యాలంది. అందులో సూదుల్లాంటి స్టీలు పోగులుంటాయి.

"పిల్లరుకి జాకెట్టట. నాకు కుట్టించి ఎన్నాళ్లయిందో," అంది మా ఆవిడ.

పాత పిల్లర్లని ఉలితో గరుగ్గా చెక్కడం నా పని. గరుగ్గా ఉంటేనే కొత్తది కరుచుకుంటుంది. ఐదు పిల్లర్లకి పోత అయిపోయింది. ఆరోదానికి మూడు పక్కలా చెక్కలు బిగించారు. వీధివైపు పక్క మాత్రం చివరిసారి కడగడానికి తెరిచి ఉంచారు. ఆ గాట్లు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. యాభై ఏళ్లలో అంత వికారమైన పని చెయ్యలేదు. చెయ్యి ఊరుకోలేదు. పల్చగా సిమెంటు పూసి, నున్నగా తీర్చేశాను.

కోడలు వచ్చేసరికి మిక్సర్ తిరుగుతోంది.

"మామయ్యా, ఇదేంటి?"

"చూడ్డానికి బాగోలేదమ్మా."

గోరుతో గీకింది. పెచ్చు ఊడి చేతికొచ్చింది.

"దీనిమీద పోస్తే జాకెట్టూ ఇలాగే ఊడొస్తుంది. మనమంతా ఉండేది దీనిమీదే కదా. మిక్సర్లోది అరగంటలో పొయ్యకపోతే బిగుసుకుపోతుంది."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కోడలి భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వాపుకుంటోంది.

"అత్తయ్యా, సుత్తి తీసుకురండి."

మా ఆవిడ పరుగున వచ్చింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన గోడకి ఒక్క మేకు కొట్టనిచ్చాడా? జరగండి," అని వాయించడం మొదలెట్టింది. పై వాటాలో ఉండే మంగలి గీకుడుకత్తితో దిగాడు.

"మేస్త్రీగారూ, గడ్డం కంటే ఇదే నయం. మెడ తిప్పదు."

పెచ్చులు మా నెత్తిన రాలుతున్నాయి. నవ్వు వల్ల సగం దెబ్బలు గాల్లోకే పోయాయి. ఇనప బ్రష్షుతో తోమి, కడిగి, చెక్క బిగించాం. కాంక్రీటు తేనెలా జారి లోపలికి దిగింది.

వారం తర్వాత చెక్కలు ఊడదీశాం. కోడలు చెవి ఆనించి, సుత్తితో కింద నుంచి పైదాకా తట్టింది. డొల్లగా మోగితే మళ్లీ మొదటికే. ఎక్కడా మోగలేదు.

"కరుచుకుంది మామయ్యా."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాను. "మోకాళ్లు జాగ్రత్తండీ," అని కింద నుంచి మా ఆవిడ. మూడో అంతస్తుకి చేరాక ఎందుకొచ్చానో నాకే తెలీలేదు. వచ్చాను కదా అని, రెండు గెంతులు గెంతి దిగొచ్చాను.